ఖాందానీయా కాదా: ఉప్పుగూడ నుంచి మద్రాసుకు

నాలాగా కర్ర పట్టుకుని రైలెక్కేవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. సముద్రం సంగతి కావాలంటే వేరేచోట చదువుకోండి. మద్రాసు వెళ్ళి కూడా మేము సముద్రం చూడలేదు.

నేను ఆబిడ్స్‌లో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టును. మూడేళ్ళ కింద ఒక కన్ను మసకబారి, నెల తిరక్కుండా దానంతటదే బాగైంది. తర్వాత కాళ్ళకు తిమ్మిరి పట్టుకుంది, నడక తూలడం మొదలైంది. చాలాకాలం నరాల వీక్‌నెస్ అని టానిక్కులు తాగించారు. చివరికి ఒక డాక్టరు, ఇది మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే నరాల జబ్బు కావచ్చు, మద్రాసులో పెద్ద డాక్టరుకు చూపించుకోమన్నాడు. ఆ పేరు పలకడానికి మా గల్లీకి నోరు తిరగలేదు గానీ, కారణాలు చెప్పడానికి బాగానే తిరిగింది. టైపు మిషను కొట్టి కొట్టి నరాలు గుంజుకుపోయాయని ఒకరు, రాత్రిపూట పెరుగు తింటుందని ఇంకొకరు. పెళ్ళి చేసుకోకపోతే ఇట్లాగే అవుతుందని పక్కింటామె తేల్చేసింది. వీటికి నవ్వి ఊరుకున్నాను. నవ్వలేకపోయిన మాట ఒక్కటే, ఖాందానీ బీమారీ, అంటే వంశంలో దిగే జబ్బు.

ఆ మాటతో నా చెల్లెలు సరళ పెళ్ళి ఆగిపోయింది. పిల్లవాడి తండ్రి యాదగిరి గారు మా వీధి చివరే ఉంటారు. పిల్లవాడికి ఇష్టమే. ఈయన మాత్రం, రక్తంలో ఉన్న జబ్బో కాదో మద్రాసు డాక్టరు నోటి నుంచే విని రండి, ఉందంటే ఈ మాట ఇక్కడితో సరి అన్నారు. అందుకే నాతో సరళ బయల్దేరింది.

మే నెల. బండి సికింద్రాబాదులో సాయంత్రం. కానీ నేను తూలుతూ నడవడం గల్లీ చూడకూడదని నాన్న తెల్లవారకముందే ప్రయాణం కట్టించాడు. అంతకుముందే అమ్మ లేచి వావిలాకు మరిగించి, ఒళ్ళు చురుక్కుమనేలా నా కాళ్ళ మీద, నడుం మీద నీళ్ళు పోసింది. మూడేళ్ళుగా వారం వారం ఇదే వైద్యం. గడప దాటేముందు నాన్న బీడీ ఆర్పి మెల్లగా అన్నాడు.

"డాక్టరు ఏమన్న అననీ. మీరొచ్చి ఖాందానీ కాదనే చెప్పున్రి."

ఉప్పుగూడ స్టేషన్ చేరేసరికి నా కాళ్ళు నావి కాకుండా పోయాయి. ప్యాసింజరు బండి ఎక్కడానికి సరళ నన్ను వెనక నుంచి నెట్టాల్సి వచ్చింది. సికింద్రాబాదు వెయిటింగ్ హాల్లో పగలంతా కూర్చున్నాం. అమ్మ కట్టిచ్చిన పులిహోర మధ్యాహ్నానికే అయిపోయింది.

టికెట్టు తీసుకునేటప్పుడే కింది బెర్తు కావాలని గట్టిగా అడగండి. మేము మొహమాటపడితే రెండూ పైవే ఇచ్చారు. మా పెట్టెలోనే ఉన్న పాతబస్తీ గాజుల వ్యాపారి గఫూర్ భాయ్ నా కర్ర చూసి తన కింది బెర్తు ఖాళీ చేశాడు. కాజీపేటలో చాయ్ తాగుతూ తన ధందా గురించి చెప్పాడు.

"లక్క గాజులు మాది ఖాందానీ కామ్ అమ్మా. తాత చేసిండు, అబ్బా చేసిండు. మేం ముగ్గురం అన్నదమ్ములం. గాజు చేసే చెయ్యి మాత్రం నాకొక్కనికే వచ్చింది."

మిగిలిన ఇద్దరికీ ఎందుకు రాలేదని సరళ అడిగింది. వాళ్ళూ అదే ఇంట్లో, అదే కుంపటి దగ్గర పెరిగారట. ఎందుకో అల్లాకే తెలుసన్నాడు. విజయవాడ ఎప్పుడు దాటిందో నాకు తెలియదు.

మద్రాసులో పొద్దున దిగాం. స్టేషన్ ఎదురుగా లాడ్జిలు చాలా ఉన్నాయి. కింది అంతస్తులో గది ఇస్తారా అని ముందు అడిగి, ఆ తర్వాతే సామాను దించండి. ఆస్పత్రిలో మా వంతు మధ్యాహ్నానికి గానీ రాలేదు. డాక్టరు తమిళాయన, తెలుగు బాగానే మాట్లాడాడు. మోకాళ్ళ మీద సుత్తితో కొట్టాడు, పాదాల అడుగున గీశాడు. తర్వాత ప్రశ్నలు. సిగరెట్టు తాగుతారా అంటే నేను తాగనుగానీ, మా నాయనమ్మ చుట్టల పొగలో పుట్టి నాన్న బీడీల పొగలో పెరిగానన్నాను. ఎండ తగులుతుందా అన్నాడు. హైదరాబాదు వాళ్ళను అడిగే మాటేనా అనుకున్నాను. తీరా ఆలోచిస్తే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ట్యూబులైటు కిందే ఉంటాను, బయటికొస్తే గొడుగు. చిన్నప్పుడు మెడ వాచి పెద్ద జ్వరం వచ్చిందా అంటే, అదీ వచ్చింది.

జబ్బు అదేనని తేల్చాడు. ఎండ తక్కువుండే చలిదేశాల్లో ఇది ఎక్కువట. పొగ మీద అనుమానం ఉందట, వెనకటి ఏదో జ్వరం మీదా ఉందట, రక్తం వాటా కొంత ఉందట. ఏది దేనితో కలిస్తే వస్తుందో ఇంకా ఎవరికీ తెలియదన్నాడు. నేను చేసిన తప్పేంటని అడిగాను. ఏమీ లేదన్నాడు. మూడేళ్ళలో ఆ మాట అన్న మొదటి మనిషి ఆయనే.

సరళ నేరుగా అడిగింది. "నాకు గూడ వస్తదా సార్?"

"మిగతావాళ్ళ కన్నా మీకు కొంచెం ఎక్కువ అవకాశం ఉందమ్మా. కానీ రాకపోయే అవకాశమే చాలా ఎక్కువ. అచ్చంగా ఒకేలా ఉండే కవలల్లో ఒకరికొచ్చినా, రెండోవారికి చాలాసార్లు రాదు."

వేడినీళ్ళ స్నానం చేస్తే కాళ్ళు మరీ పడిపోతాయా అని చివర్లో అడిగాడు. వావిలాకు సంగతి చెప్పాను. వేడితో జబ్బు పెరగదుగానీ ఉన్న బాధ ఎక్కువవుతుంది, చన్నీళ్ళు పోసుకోమన్నాడు. అమ్మ మీద కోపం రాలేదు. కట్టెలపొయ్యి ఊదుతూ కూర్చున్న ఆమె మొహం గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

తిరుగు ప్రయాణంలో తువ్వాలు తడిపి మెడకు చుట్టుకున్నాను. ప్లాట్‌ఫారం మొత్తం ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచాను. ఈసారి కింది బెర్తు కోసం క్లర్కుతో కొట్లాడి మరీ తీసుకున్నాను. బండి కదిలాక సరళతో, నాన్న చెప్పినట్టే చెబుదాం అన్నాను. నా కోసం అబద్ధం ఆడేదాన్ని కాదు, దాని కోసం ఎన్నయినా ఆడతాను. అది నా మెడ మీది తువ్వాలు తీసి, మళ్ళీ తడిపి చుట్టింది.

సికింద్రాబాదులో దిగాక, చీకటి పడేదాకా ఇక్కడే ఉందామా అన్నాను. వద్దంది. ఉప్పుగూడలో దిగేసరికి ఎండ నడినెత్తిన ఉంది. మేము వచ్చే రోజు నాన్నను అడిగి తెలుసుకున్నారేమో, యాదగిరి గారు గొడుగేసుకుని ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉన్నారు. కుశలమైనా అడగలేదు.

"ఏమన్నడు డాక్టరు? ఖాందానీయేనా?"

నేను కాదనబోయాను. సరళ నాకన్నా ముందు అందుకుంది.

"కొంచెం ఖాందానీయే బాపూ. నాకు వస్తదో రాదో డాక్టరుకు గూడ తెల్వదు, రాకపోవుడే ఎక్కువన్నడు. మీరు ఇంటికి పోయి ఆలోచన చేసుకోన్రి. ఒక్కటైతే ఇప్పుడే చెప్తున్న. మా అక్క మొండి జిద్దు ఖాందానీ. అది నాకు గూడ వచ్చింది."

ఆయన నా కర్ర వంక, సరళ మొహం వంక చూసి, గొడుగు మడిచి దారిచ్చారు. ఔననో కాదనో ఆ రోజు తేలలేదు. మేము మాత్రం గల్లీ మధ్య నుంచే నడిచాం. పక్కింటామె గుమ్మంలోకి వచ్చి చూసింది. నేను తూలాను, ఆగాను, మళ్ళీ నడిచాను.

నా తర్వాత వెళ్ళేవాళ్ళు కింది బెర్తు అడగడం, తువ్వాలు తడుపుకోవడం మరిచిపోకండి. ఇంటికి మాత్రం పగటిపూటే చేరండి.