బావకు చేసిచ్చిన డోలు పెట్టె

అడుగు పలక మరలు విప్పి పైకెత్తగానే ఎలుక ఉచ్చ కంపు గుప్పుమంది. దానికి తోడు పాచిపోయిన బిర్యానీ మసాలా, గుట్కా వాసన. తీగల మధ్య కొరికిన కాగితం ముక్కలు, నల్లటి పెంటికలు, ఓ మూల వరుసగా అతుక్కున్న బొద్దింక గుడ్ల తిత్తులు. చున్నీ ముక్కుకు కట్టుకుని, కిటికీ తలుపు బార్లా తీసి, కాసేపు ఆ పెట్టెకు దూరంగా నిలబడ్డాను. నా చేతులతో నేను చేసిన పెట్టె అది. బావకు ఇచ్చిన రోజు దానికి కొత్త రబ్బరు వాసన తప్ప ఇంకే వాసనా లేదు.

బావ అంటే మా అక్క భర్త. భద్రాచలంలో సౌండు బాక్సులు, స్టేజీ, లైట్లు కిరాయికిస్తాడు. ఈ మధ్య దాన్నే ఈవెంట్స్ అంటున్నాడు. నేను ఖమ్మంలో ఓ ప్రైవేటు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసుకుంటాను. ఖానాపురం హవేలిలో మా ఇంటి వెనక గదిలో ఓ బల్ల, సోల్డరింగ్ ఐరన్, డబ్బాల నిండా విడిభాగాలు ఉంటాయి. కాలేజీ నుంచి వచ్చాక అక్కడ కూర్చుని సంగీతం వాయించే పెట్టెలు చేయడం నాకు ఇష్టమైన పని. నిజానికి ఆ పెట్టెల్లో శబ్దమేమీ ఉండదు. ఏ మీట నొక్కాం, ఎంత గట్టిగా నొక్కాం అన్నది మాత్రమే పెట్టె ఒక వైరు ద్వారా లాప్‌టాప్‌కు చెబుతుంది. మోగేది లాప్‌టాప్. తోటి లెక్చరర్లకు ఈ సంగతి చెప్పి చెప్పి విసుగొచ్చి మానేశాను. బావకు మాత్రం మొదటిసారే అర్థమైంది. వ్యాపారానికి పనికొచ్చేది ఏదైనా ఆయనకు తొందరగానే అర్థమవుతుంది.

"మరదలా, నాకో ప్యాడ్ చేసియ్యరాదు? పుల్లతోని కొడితే డోలు మోగినట్టు మోగాలె" అన్నాడు, ఓ ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు.

"బజార్ల దొరుకుతయి గద బావా."

"దొరికేదాంట్ల మన దిక్కు డోలుండదు. నాకు అడివి డోలు కావాలె. ఇప్పుడు పెద్దోళ్ళ ఫంక్షన్లల్ల అదే అడుగుతున్నరు."

అడిగిన పని నాకు నచ్చింది. ప్లైవుడ్ పలక కోయించి, మీద లారీ ట్యూబు రబ్బరు ముక్కలు బిగించాను. ఒక్కో ముక్క కింద ఒక్కో పియెజో బిళ్ళ. పాట పాడే గ్రీటింగ్ కార్డుల్లో ఉండే పలచటి ఇత్తడి బిళ్ళే అది. దాని మీద దెబ్బ పడితే చిటికెడు కరెంటు పుడుతుంది. ఆ చిటికెడు కరెంటును చిన్న బోర్డు చదువుతుంది. మొదట్లో ఒక ప్యాడ్ కొడితే పక్క ప్యాడ్ కూడా మోగేది. అన్నీ ఒకే పలక మీద ఉన్నాయి కాబట్టి అదురు అంతటా పాకుతోంది. చాలా సాయంత్రాలు దానితోనే పోయాయి. చివరికి పలకను ముక్కలుగా కోసి, దేనికదే విడిగా నిలబడేలా స్పాంజి మీద కూర్చోబెట్టాను. ఒకటి కొడితే ఒకటే మోగింది. పెట్టె మొత్తానికి అడుగున వేయడానికి మందపాటి స్పాంజి పరుపు కూడా కత్తిరించి ఇచ్చి, "బావా, ఇది లేకుంట పెట్టె స్టేజీ మీద పెట్టకు. బేస్ బాక్సుల అదురు తగిలితే తనంతట తనే మోగుతది" అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. అవ్, అవ్ అన్నాడు.

డోలు శబ్దం రికార్డు చేయడానికి బావ కారులోనే చండ్రుగొండ దాటి, అడవి అంచున ఉన్న కోయ గూడేనికి వెళ్ళాం. అక్కడ డోలు వాయించే పెద్దమనిషి, ఆయన తమ్ముళ్ళు పత్తి ఏరడం ఆపి మాకోసం డోళ్ళు దించారు. మంట వేసి చర్మాలు బిగుసుకునేలా కాచారు. ఆయన కుడి పక్క పుల్లతో, ఎడమ పక్క అరచేత్తో కొడుతుంటే మైకు పట్టుకున్న నా చెయ్యి మణికట్టు దాకా అదిరింది. ఒక్కో దెబ్బ విడివిడిగా కావాలంటే ఆయనకు నవ్వొచ్చింది. తమ్ముళ్ళతో కోయ భాషలో ఏదో అన్నాడు, వాళ్ళూ నవ్వారు. తర్వాత నన్నడిగాడు.

"గిట్ల ముక్కలు ముక్కలు పట్టుకపోయి ఏం చేస్తరు మేడమ్?"

నేను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు. "మీ పేరు పది మందికి తెలవాలె గదనే. ఇంక ఏ ప్రోగ్రామైనా మిమ్మల్నే పిలుస్త."

ఆ మాట నేనూ నమ్మాను.

ఆ తర్వాత కొన్ని నెలలకు, "మరదలా, నీ పెట్టెకు దయ్యం పట్టింది, ఎవరూ కొట్టకుంటనే మోగుతుంది" అంటూ బావ దాన్ని బస్సులో పార్సిల్ చేసి పంపాడు. అట్లా నా బల్ల మీదికి చేరింది ఆ కంపు.

దయ్యమేమీ లేదు. బావ గోదాములో ఎలుకలు పెట్టెలో కాపురం పెట్టాయి. ఉచ్చ పడిన చోటల్లా బోర్డు మీది రాగి గీతలు పచ్చగా చిలుం పట్టాయి. తేమ తగిలిన రోజు ఆ చిలుం గుండా కరెంటు ఒక గీత నుంచి ఇంకో గీతకు జారుతోంది. పైన రబ్బరు మీద ఎవరో గుట్కా ఉమ్మి తుడిచిన ఎర్రటి చారలు, వేళ్ళ నూనె జిడ్డు. చేతులకు గ్లౌజులు వేసుకుని పాత టూత్ బ్రష్షు, స్పిరిటు తీసుకుని గీతగీతా రుద్దాను. బోర్డు మార్చాను, రబ్బరు మార్చాను, కన్నాలన్నీ జాలీతో మూశాను. అంత చేసినా పెట్టె దగ్గర ముక్కు పెడితే ఆ వాసన వస్తూనే ఉందనిపించేది. నిజంగా ఉందో, నా ముక్కులోనే ఉండిపోయిందో తెలియదు.

భద్రాచలంలో కొత్త ఫంక్షన్ హాలు ప్రారంభం, నువ్వే పట్టుకొచ్చి సెట్ చేయాలని బావ పట్టుబట్టాడు. అక్కను కూడా చూసినట్టుంటుందని పొద్దున బస్సెక్కాను. హాలుకు చేరేసరికి అప్పటికే జనం కూర్చున్నారు. పెట్టెను ఆపరేటర్ చేతికిచ్చి, లాప్‌టాప్‌కు కలిపి, ఒక్కో ప్యాడ్ కొట్టి చూశాను. అన్నీ సరిగ్గా పలికాయి. స్పాంజి పరుపు వెయ్యమని ఆపరేటర్‌కు చెప్పి, మంచినీళ్ళ కోసం స్టేజీ వెనక్కి వెళ్ళాను.

అక్కడ గూడెం పెద్దమనిషి, ఆయన తమ్ముళ్ళు నిలబడి ఉన్నారు. నన్ను చూసి ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. నెత్తిన థర్మాకోలుతో చేసిన కొమ్ములు, వాటికి గుచ్చిన ప్లాస్టిక్ నెమలీకలు. మొహాల మీద ఎవరో పూసిన తెల్ల చుక్కలు చెమటకు కారుతున్నాయి. డోళ్ళ చర్మాల మీద రెండు వైపులా స్పాంజి ముక్కలు పెట్టి, పార్సిల్ డబ్బాలకు వేసే గోధుమరంగు టేపుతో చుట్టూ బిగించారు.

"ఏందన్నా ఇది?" అని అడిగాను.

"మీ బావనడుగు" అన్నాడు.

బావ అప్పుడే అటు వచ్చాడు. "అసలు డోలు మైకుల పడితే బాక్సులు కుయ్యిమని కూత పెడతయి మరదలా. ఆళ్ళు ఊకె చేతులాడిస్తే చాలు. సౌండు మన పెట్టె ఇస్తది. ఎంత కొట్టమంటే అంతే కొడతది, టీ అడగది, మందు అడగది."

ఆ మనిషి వింటుండగానే అన్నాడు ఆ మాట. నేను చేసిన పెట్టె, నేను పట్టిన మైకు, ఆ రోజు వాళ్ళు కాచిన చర్మాల శబ్దం, అన్నీ కలిసి ఇందుకా అనిపించింది. "ఆ టేపు తీయించు బావా, చర్మం పాడైతది" అన్నాను. "ప్రోగ్రాం అయినంక తీస్తరులే" అంటూ ఆయన వాళ్ళను స్టేజీ మీదికి తోశాడు.

ఆట మొదలైంది. పక్కన ఆపరేటర్ పుల్లతో ప్యాడ్ కొడుతున్నాడు, ముందు వాళ్ళు మూగ డోళ్ళ మీద చేతులు ఆడిస్తున్నారు. హాలంతా డోలు మోగుతోంది. కాసేపటికి బేస్ బాక్సుల శబ్దం పెంచారు. ఉన్నట్టుండి తాళం చెదిరింది. ఒక దెబ్బకు రెండు, రెండుకు నాలుగు, అట్లా దెబ్బ మీద దెబ్బ పడుతూ పిచ్చెక్కినట్టు మోగడం మొదలైంది. ఆపరేటర్ భయపడి పుల్ల కింద పడేసి రెండు చేతులూ పైకెత్తాడు. డోలు మోగుతూనే ఉంది. స్టేజీ మీది మనుషులు కూడా చేతులు ఆపేశారు. ఎవరూ కొట్టని డోలు చెవులు పగిలేలా మోగుతుంటే, ముందు వరసలో ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు హాలంతా పాకింది.

"జల్దీ చూడు, జల్దీ!" అని బావ నన్ను తోశాడు. వెళ్ళి పెట్టె అంచు కాస్త ఎత్తి చూశాను. కింద పరుపు లేదు. పెట్టె నేరుగా స్టేజీ చెక్క మీద, బేస్ బాక్సు పక్కనే ఉంది. బాక్సు అదురుకు ప్యాడ్లు మోగుతున్నాయి, ఆ మోతకు బాక్సు ఇంకా అదురుతోంది.

"పరుపేది?" అని ఆపరేటర్‌ను అడిగాను.

"అది మీ బావనే కోయించిండు మేడమ్, డోళ్ళకు అతికియ్యనీకి" అన్నాడు.

పెట్టెను చేతుల్లో పట్టుకుంటే సరిపోయేది. ఓ ఖాళీ గోనెసంచి మడిచి కింద వేసినా ఆగిపోయేది. నాకు ఆ రెండూ తెలుసు. వైరు పట్టి లాగేశాను.

హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. బావ స్టేజీ పక్క నుంచి పళ్ళు కొరుకుతూ "పెట్టు, పెట్టు" అని సైగ చేస్తున్నాడు. నేను వైరు చుట్ట చుట్టుకుంటూ నిలబడ్డాను. అప్పుడు ఆ పెద్దమనిషి నెత్తి మీది కొమ్ములు తీసి కింద పెట్టాడు. డోలు ఒళ్ళోకి తీసుకుని, టేపు కొస గోటితో గీకి, చర్రున పీకాడు. తమ్ముళ్ళూ పీకారు. స్పాంజి ముక్కలు స్టేజీ మీద పడ్డాయి. జిగురు అంటిన చర్మం మీదే ఆయన కొట్టాడు. శబ్దం కాస్త బొంగురుగా వచ్చింది, మైకు లేదు, మంట మీద కాచిందీ కాదు. అయినా వెనక వరసల దాకా వినిపించింది. నవ్వినవాళ్ళు లేచి నిలబడ్డారు.

ఇక్కడితో అయిపోయుంటే నేనూ సంతోషంగా ఇంటికి పోయేదాన్ని. చప్పట్లు సద్దుమణగకముందే బావ మైకు పట్టుకుని స్టేజీ మధ్యకు వచ్చాడు. "మిషను ఎక్కడ, మనిషి ఎక్కడ! ఇది మీకోసం మేం ప్రత్యేకంగా ప్లాన్ చేసిన సర్‌ప్రైజ్!" అన్నాడు. చప్పట్లు రెట్టింపయ్యాయి. హాలు ఓనరు వచ్చి బావకే శాలువా కప్పాడు. ఆ శాలువాతోనే బావ మొహం తుడుచుకున్నాడు.

వెనక భోజనాల దగ్గర నా భుజం తట్టి, "మస్తు ఐడియా ఇచ్చినవ్ మరదలా! ఇగ ప్రతి ప్రోగ్రాంల గిట్లనే చేద్దాం. ముందు పెట్టె ఖరాబైనట్టు చేసుడు, తర్వాత టేపు పీకుడు" అన్నాడు.

విస్తరి ముందు నుంచి లేచిపోయాను.

బయట గోడ నీడన ఆ పెద్దమనిషి కొబ్బరినూనె ముంచిన గుడ్డతో చర్మం మీది జిగురు రుద్దుతున్నాడు. జిగురుతో పాటు చర్మం పైపొర కూడా సన్నగా లేచి వస్తోంది. నేను దగ్గర కూర్చుంటే ఆయన జరగలేదు, పలకరించనూ లేదు. రుద్దడం ఆపకుండానే అన్నాడు.

"మా సప్పుడు నీ దాంట్లకెల్లి తీసెయ్ మేడమ్."

నా లాప్‌టాప్ తెరిచి ఆయన కళ్ళ ముందే ఆ ఫైళ్ళన్నీ చెరిపేశాను. "పోయినట్టేనా?" అన్నాడు. బావ దగ్గర ఫోన్‌లో, పెన్‌డ్రైవుల్లో ఇంకా ఉన్నాయని, ఎన్ని చోట్లకు పోయాయో నాకు తెలియదని చెప్పాను. ఆయన గుడ్డ మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "అయితే ఊకె ఎందుకు తీసినవ్?" అని లేచి, తమ్ముళ్ళను పిలుచుకుని బస్టాండు వైపు నడిచాడు.

నేను పెట్టె వెంట తెచ్చేసుకున్నాను. బావ ఫోన్ చేశాడు, తీయలేదు. అక్క చేసింది. "అందరి ముందు విస్తరి వదిలేసి పోయి ఇంటాయన పరువు తీసినవ్, ఇప్పుడు పెట్టె గూడ ఎత్తుకపోయినవ్. నీకేమన్న న్యాయమా?" అంది.

"స్టేజీ ఎనక ఆయన అన్న మాటలు నువ్వు ఇన్లేదక్కా."

"అందరూ చేసేదే గద. ఆయనొక్కడేనా?"

ఫోన్ పెట్టేశాను. ఆ వారంలోనే పెట్టెను విప్పి బోర్డు, బిళ్ళలు డబ్బాల్లో వేశాను, ప్లైవుడ్ పొయ్యిలోకి ఇచ్చేశాను. బావ హైదరాబాద్ నుంచి రెడీమేడ్ ప్యాడ్ తెప్పించుకున్నాడని అక్కే చెప్పింది.

మొన్న అక్క ఒక వీడియో పంపింది, ఏదో పెళ్ళిలోది. స్టేజీ మీద థర్మాకోలు కొమ్ములు పెట్టుకుని కొందరు నిలబడి ఉన్నారు. గూడెం మనుషులు కాదు. బావ దగ్గర సౌండు బాక్సులు మోసేవాళ్ళు, వాళ్ళందరినీ నేనెరుగుదును. ప్యాడ్ ఖరాబైనట్టు ఉన్నట్టుండి ఆగింది. వాళ్ళు ఒకరినొకరు చూసుకుని, ఆశ్చర్యపోయినట్టు నటించి, అందరూ ఒకేసారి టేపు పీకారు. తర్వాత మోగింది కూడా లాప్‌టాపే. ఆ దెబ్బలు నేను రికార్డు చేసినవే. జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. వీడియో కింద అక్క "సూపర్ హిట్" అని రాసింది. ఫోన్ బోర్లా పెట్టి, వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కున్నాను.