ఏ నేల నుంచి?

గడప నుంచి కొలవాలని ఏ రూల్లో రాసి ఉందో చూపించమనండి, ఇప్పటికైనా నోరు మూసుకుంటాను. నాలుగేళ్లుగా అడుగుతున్నాను, ఒక్కరూ చూపించలేదు. నేను మొయినాబాద్‌లో బస్సు దిగితే మాత్రం ‘గడప ఇంజినీర్ వచ్చిండు’ అని నవ్వుతారు. ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదు. ఎలక్ట్రికల్ డిప్లొమా అప్పుడే చేతికొచ్చింది. తెలియనిది ఏదైనా ఉంటే అది ఫోన్‌లో ఉంది, ఫోన్ చేతిలో ఉంది. పుట్టి పెరిగింది మెహిదీపట్నంలో, మూడో అంతస్తు ఫ్లాట్‌లో. (అక్కడ నేలంటే టైల్సే, నేను పుట్టకముందు నుంచీ అక్కడే ఉన్నాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత నా తరఫున పనికొస్తుంది.)

మా మేనమామ మొయినాబాద్ దాటాక చేవెళ్ల దారిలో ఇల్లు కడుతున్నాడు. వైరింగ్ చేసేది ఆ ఊరి ఎలక్ట్రీషియన్. చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టర్ ఉంటుంది కాబట్టి అందరికీ టెస్టర్ అన్నే. "నువ్వు జర దగ్గరుండి చూడు అల్లుడా. ఈ ఇల్లు సక్కగయితే చేవెళ్లల కట్టే కిరాయి రూముల వైరింగంత నీకే ఇస్త" అన్నాడు మామ. నా మొదటి సొంత పని. విజిటింగ్ కార్డు డిజైన్ కూడా ఆ సాయంత్రమే ఫోన్‌లో చేసేసుకున్నాను.

నేను వెళ్లేసరికి టెస్టర్ అన్న, ఇంట్లోని బ్రేకర్లన్నీ ఉండే మెయిన్ బాక్సు కోసం, తలుపుకు పైన, కప్పుకు జానెడు కింద గీత గీసి పెట్టాడు. స్విచ్ వేయాలంటే నిచ్చెన ఎక్కాలా అన్నాను. "పిల్లగాండ్లకు అందద్దు తమ్మీ. ఈడ అందరు గట్లనే పెట్టించుకుంటరు" అన్నాడు. ఒళ్లు మండింది. ఫోన్ తీసి రూలు గట్టిగా చదివాను: బాక్సు పైఅంచు నేల నుంచి రెండు మీటర్లు దాటకూడదు, ముందర మనిషి నిలబడే జాగా ఉండాలి. "ఎవరికైనా షాక్ కొడితే నిచ్చెన వెతుక్కుంటూ తిరుగుతారా అన్నా? పైఅంచు ఆరడుగులకు పెట్టు" అన్నాను. (ఈ ముక్క మాత్రం ఇవాళ్టికీ కరెక్టే.)

టెస్టర్ అన్న టేపు సగం లాగి ఆగాడు. "ఏ నేల నుంచి?"

"ఎన్ని నేలలున్నాయన్నా నీకు?"

"గడప నుంచి వట్టాల్నా, కింద నుంచి వట్టాల్నా అంటున్న."

నవ్వాను. గడపకు పసుపు రాస్తారు గానీ కొలతలు తీయరనీ, వాస్తులూ శకునాలూ కరెంటు దగ్గర పనికిరావనీ క్లాసు పీకాను. ఆయన మామ వైపు చూశాడు. "సదువుకున్నోడు చెప్తుండు గద, గట్లనే పట్టు" అన్నాడు మామ. "మీ ఇష్టం" అని టెస్టర్ అన్న టేపు కొన నా కాళ్ల దగ్గర పెట్టాడు. ఆ గదిలోకి గడప మీంచి కిందికి దూకి వచ్చాననీ, బయటికి వెళ్లేటప్పుడు ఆయనే చెయ్యి ఇచ్చి పైకి లాగాడనీ, అప్పుడు కూడా నాకు అనుమానం రాలేదనీ ఒప్పుకుంటున్నాను.

లోపల నేల ఎత్తు చేసే మొరం ఇంకా పోయలేదు, అదీ సంగతి. నేను బాక్సు ఫోటో స్టేటస్ పెట్టుకుని సిటీకి వచ్చేశాక, గడప ఎత్తు వరకు మొరం నింపి, పైన టైల్స్ వేశారు. గృహప్రవేశం రోజు పొద్దున వెళ్లి చూస్తే నా బాక్సు తొడల దగ్గరికి దిగి ఉంది. అడిగినవాళ్లకల్లా మామ "మా అల్లుడు రూలు ప్రకారం పెట్టించిండు" అని చెబుతున్నాడు. అత్త దాని మూత తెరిచి, మెయిన్ స్విచ్‌కు బొట్టు పెట్టి, బంతిపూల దండ చుట్టింది.

ఆచారం ప్రకారం ముందు ఆవును లోపలికి తోలారు. అది ఎవరినీ లెక్కచేయకుండా తిన్నగా దండ దగ్గరికి నడిచింది. మూతికి సరిగ్గా అందే ఎత్తు. ఒక్క గుంజు గుంజేసరికి మెయిన్ స్విచ్ కిందికి పడి ఆఫైంది. మంత్రం మధ్యలో పంతులుగారి మైకు ఆగింది, ఫ్యాన్లు ఆగాయి. ఎవరో మళ్లీ వేశారు, మిగిలిన పూల కోసం ఆవు మళ్లీ గుంజింది.

"గిదేం ఎత్తయ్యా?" అన్నాడు మామ, టెస్టర్ అన్నతో.

"ఆవెత్తు, పటేలా."

అందరూ నవ్వారు. నా పేరు మాత్రం ఆయన ఎత్తలేదు. "టేపు పట్టింది నేనే" అన్నాడు. నేను ఫోన్‌లో తల దూర్చి, నేలంటే ఏదో రాసి ఉందేమోనని వెతుకుతున్నాను.

రూముల పని టెస్టర్ అన్నకే వెళ్లింది. వారం తర్వాత ఫోన్ చేశాడు. "తమ్మీ, నువ్వు చెప్పిన ఆరడుగులకే పెడుతున్న, నిచ్చెన లేకుంట. టేపు తొక్కి పట్టనీకి మనిషి గావాలె, వస్తవా?" వెళ్లాను. టేపు కొనను గడప మీద కాలితో తొక్కి పట్టి నిలబడ్డాను.

ఆ విజిటింగ్ కార్డు ఇంకా ఫోన్‌లోనే ఉంది. అప్పుడప్పుడు తీసి చూసి, ఆ కుర్రాడి మీద నవ్వుకుంటాను, కొంచెం జాలిపడతాను కూడా. అయినా సరే, నేల అని రాసినవాడు ఏ నేలో రాయకపోతే అది నా తప్పా? కాళ్ల కింద ఉన్నది నేల కాదని, నా చోట ఉంటే, మీకు మాత్రం తోచేదా?