గుమ్మం బయట చెప్పులు

ఉద్యోగంలో చేరిన రోజున నా చేతికి వచ్చింది ఒక్క ఉత్తర్వు కాగితమే. మిగతా ఉద్యోగమంతా నాకు నేర్పింది ముసలి జవాను. పందొమ్మిదివందల యాభైల చివరి మాట. అల్లూరికి తూర్పున, సముద్రం ఒడ్డున ఉప్పు మళ్ళు, ఆ మళ్ళ గట్టు మీద పెంకుటింట్లో మా ఉప్పు కొఠారు ఆఫీసు. లోపల ఆఫీసరుగారు, వరండాలో హెడ్ గుమాస్తా, నేను, జవాను. అంతే మా లోకం.

మొదటిరోజే ఆఫీసరుగారికి నమస్కారం పెట్టి వద్దామని చెప్పులతో గదిలోకి పోబోయాను. జవాను వెనకనుంచి చొక్కా పట్టుకుని ఆపాడు.

"ఆగబ్బయ్యా. చెప్పులు ఈడ ఇడువు. అయ్యగారు టపా చూస్తా ఉండారు. బెల్లు ఒకతూరి కొడితే నాకు, రెండుతూర్లు కొడితే గుమాస్తాలకు. బెల్లు కొట్టందే లోపలికి పోగూడదు."

"ఎవరు పెట్టారు ఈ రూలు?"

"పెట్టేదేంది? ఈడ అంతే."

ఏది అడిగినా ఆ ఆఫీసులో అదే జవాబు. ఆఫీసరుగారు కాంపుకు వెళ్ళిన రోజుల్లో కూడా ఆయన ఖాళీ గది ముందు గొంతు తగ్గించే మాట్లాడేవాళ్ళం. ఆయన కాఫీ తాగనిదే చెడ్డ కబురు చెప్పకూడదు. ఒకసారి అదను తప్పిన వాన వచ్చి ఉప్పు కుప్పలు కరిగిపోతుంటే, మేం ముగ్గురం వరుసగా నిలబడి బెల్లు కోసం చూశాం. మూడు కుప్పలు కళ్ళ ముందే నీళ్ళయ్యాయి. తర్వాత చాలా రోజులు అది తలుచుకుని నవ్వుకున్నాం. నవ్వాల్సిన సంగతి కాదని అప్పుడు తెలియలేదు.

జవాను సాయిబు. భార్య ఎప్పుడో పోయింది. ఒక్కతే కూతురు, సూళ్లూరుపేటలో ఇచ్చాడు. ఆయనకు చదువు రాదు గనక ఆ పిల్ల రాసే ఉత్తరాలు నేనే చదివి పెట్టేవాణ్ణి. గుండ్రటి అక్షరాలు. చివర తప్పకుండా "చదివి పెట్టే సారుకు సలాం" అని ఒక ముక్క. నేను ఎన్నడూ చూడని ఆ పిల్లకు నెల తప్పిన సంగతి వాళ్ళ నాన్న కంటే ముందు నాకే తెలిసింది. చదువుతూ నేను సిగ్గుపడితే ఆయన పకపకా నవ్వాడు.

అందరి గుమ్మాల దగ్గరా చెప్పులు విడిచే ఆయన నా బల్ల దగ్గరికి మాత్రం టైరు చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చేవాడు. "నీకాడ నాకేం మర్యాద అబ్బయ్యా? నా బిడ్డ ఈడోడివి" అనేవాడు.

ఆ రోజు హెడ్ గుమాస్తా ఎవరిదో పెళ్ళికని సెలవు పెట్టాడు. ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను. నాలుగేళ్ళ సర్వీసుకు దక్కిన ఆ ఒక్కరోజు పెద్దరికానికి మెడ నిటారుగా పెట్టుకుని మరీ కూర్చున్నాను. పది గంటలప్పుడు తంతి వచ్చింది. కూతురికి కాన్పు కష్టమైంది, ప్రాణం మీదికి వచ్చింది, వెంటనే రమ్మని. చదివింది నేనే. ఆయన బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"పోవాల అబ్బయ్యా."

పదకొండు గంటల బస్సు పట్టుకుంటే నెల్లూరులో మధ్యాహ్నం రైలు అందుతుంది, సాయంత్రానికి కూతురి దగ్గర ఉంటాడు. అది తప్పితే మళ్ళీ రైలు మర్నాడే. సెలవు చీటీ రాసేశాను. కానీ ఆఫీసరుగారి సంతకం లేకుండా గేటు దాటిన తూకందారు ఒకడు మళ్ళీ గేటులోకి రాలేకపోయాడు. సంతకం కావాలి. సంతకానికి బెల్లు కావాలి.

సగం తలుపుల కింద ఆయన కాళ్ళు, పైన పేపరు అంచు కనిపిస్తున్నాయి. టపా చూడటం ఎప్పుడో అయిపోయింది. పేపరు చదువుకుంటున్నారు. పదిన్నర అయింది. జవాను నా వైపు చూశాడు.

"ఒక్కతూరి లోపలికి పోయి చెప్తావా అబ్బయ్యా?"

పదడుగులు. ఆ తలుపులకు గడియ కూడా లేదు. నేను లేవలేదు.

"బెల్లు కొట్టనీ అన్నా. నీకు తెలీనిదేముంది? ఈడ అంతే గదా."

ఆయన తల దించుకున్నాడు. "అవునబ్బయ్యా. ఈడ అంతే" అన్నాడు.

రోడ్డు మీద బస్సు హారను వినిపించింది. ఆగింది, వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎంతసేపటికో బెల్లు రెండుసార్లు మోగింది. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను, అది మరిచిపోలేదు. ఆఫీసరుగారు తంతి చదివి పేపరు విసిరికొట్టారు.

"పదికి వచ్చిన తంతి ఇప్పుడా చూపించేది? నిన్ను ఆపిందెవరయ్యా?"

నన్నెవరూ ఆపలేదు. బెల్లు కొట్టందే రావద్దని ఆఫీసరుగారు ఏనాడూ అనలేదు, ఎక్కడా రాయలేదు. మేమే ఒకరికొకరం నేర్పుకున్నాం. లారీ అయినా చూడమన్నారు. ఆ పూట లారీ లేదు. జవాను గట్టు వెంబడి అల్లూరు వైపు నడిచి వెళ్ళిపోయాడు.

ఆ పిల్ల మర్నాడు తెల్లవారే దాకా ఉందట. నాన్న వచ్చాడా అని అడుగుతూనే ఉందట. మధ్యాహ్నానికి చేరిన ఆయనకు తెల్లగుడ్డలో చుట్టిన ముఖం మాత్రం చూపించారు. బిడ్డా దక్కలేదు.

పది రోజులకు పనిలోకి వచ్చాడు. కాళ్ళు పట్టుకుందామనే అనుకున్నాను. తిట్టినా, కొట్టినా పడదామనుకున్నాను. ఆయన వరండా మెట్ల దగ్గర ఆగాడు. టైరు చెప్పులు రెండూ విడిచి పక్కన పెట్టాడు. వట్టి కాళ్ళతో నా బల్ల దాకా వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"టపా వచ్చింది సార్."

"ఇదేందన్నా? నాకాడ నీకీ మర్యాదలేంది? చెప్పులేసుకో అన్నా" అన్నాను.

ఆయన ముఖంలో కోపం లేదు. ఉంటే బతికిపోయేవాణ్ణి.

"పర్లేదు సార్" అన్నాడు. "ఈడ అంతే."