రుమానియా పులుసు

మందు ఎక్కించడం మొదలుపెట్టాక మా ఆయనకు నోరు చచ్చిపోయింది. పేగులో క్యాన్సరు గడ్డ. వేలూరు ఆసుపత్రిలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఈయన ఇట్లా చిక్కిపోతే తర్వాతి విడత మందు ఇవ్వలేం, ఏదో ఒకటి తినిపించమ్మా అన్నాడు. తినిపించడం అంత సులభమా! ఇడ్లీ పెడితే పక్కకు తోసేశాడు. రసం అన్నం కలిపితే గోడవైపు తిరిగి పడుకున్నాడు. నా నోరు మంచిది కాదని చిత్తూరులో మా వీధంతటికీ తెలుసు. అరిచాను, తిట్టాను, ఏడ్చాను. ఏం చేసినా రెండు ముద్దలు దాటలేదు.

ఒక పొద్దున ఆయనే నోరు తెరిచి అడిగాడు.

"రుమానియా పండ్ల పులుసు చేస్తావా మే? అది తినాలనుండాది."

నాకు ప్రాణం లేచొచ్చింది. రుమానియా అంటే ఆపిల్‌లా గుండ్రంగా ఉండే మామిడి. మా అత్త ఉన్నప్పుడు ఏటా చేసేది. ఇప్పుడు మా వైపు ఎక్కడ చూసినా బెంగళూరా మామిడే, గుజ్జు ఫ్యాక్టరీలకు అదే కావాలి. బజారంతా తిరిగి తిరిగి, చివరికి బస్సెక్కి పూతలపట్టు పోయాను. రోడ్డు పక్కన ఒక ముసలామె గంపలో దొరికాయి.

నేను పండ్లు నొక్కి చూస్తుంటే ఆమె కసిరింది. "అట్ల పిసికితే ఎట్ల మ్మా? తొడిమకాడ వాసన సూడు. పులుసుకైతే దోరవి ఏరుకో, మాగినవి కరిగిపోతాయి."

ఇంకో రోజైతే నేనూ నాలుగు అనేదాన్నే. ఆ రోజు పోట్లాడే ఓపిక లేదు. ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని ఏరుకున్నాను.

తోలు తీయకుండా, టెంకతో సహా పండ్లను చింతపండు పులుసులో ఉడికించాను. బెల్లం, మెంతిపొడి వేసి, ఎండుమిరపకాయలతో తిరగమోత పెట్టాను. సంగటి మెత్తగా గెలికి, మధ్యలో గుంట చేసి పులుసు పోసిచ్చాను. తిన్నాడు! టెంక కూడా చీకాడు.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిగ్గా ఉండాది మే. మా అమ్మ చేసినట్టే ఉండాది."

అప్పటినుంచి రోజూ అదే. పొద్దున్నే పూతలపట్టు బస్సెక్కడం, మధ్యాహ్నానికి వచ్చి వండడం. ఆయన బరువు కాస్త పెరిగింది, రెండో విడత మందూ ఇచ్చారు. నా చేతి పులుసే మనిషిని లేపి కూర్చోబెట్టిందని చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నాను.

ఒక సాయంత్రం పలమనేరు నుంచి ఆయన స్నేహితుడు చూడడానికి వచ్చాడు. కాఫీ కలిపి తీసుకుపోతూ, మా ఆయన మాటలు వినబడి గుమ్మం ఇవతలే నిలబడిపోయాను.

"రుచీ గిచీ ఏం తెలీదప్పా. మన్ను నమిలినట్టుంటాది. వట్టినే కూర్చుంటే ఆమె నన్ను చూసి ఏడుస్తా ఉండాది. ఆ పండు అడిగితే తిరిగేదానికి ఒక పని ఉంటాదని అడిగినా. అంత కష్టపడి వండినాక తినకుంటే ఎట్ల?"

ఏమీ విననట్టే లోపలికి పోయి కాఫీ ఇచ్చాను. మర్నాడూ పులుసు చేశాను. ఉప్పు సరిపోయిందా అని అడిగితే సరిపోయిందన్నాడు. పండ్ల కాలం అయిపోయేదాకా నేను అడుగుతూనే ఉన్నాను, ఆయన చెబుతూనే ఉన్నాడు.

మూడో విడతకు ఒళ్లు తట్టుకోలేదు. పోయాడు.

ఇప్పటికీ పొయ్యి దగ్గర ఒక్కదాన్నే ఆయన్ని కసురుకుంటూ ఉంటాను. తినలేనని ఒక్క మాట చెప్పుంటే నీ సొమ్మేం పోయిండేదయ్యా? ఏడిస్తే ఏడ్చిండేదాన్ని. నీ పక్కన కూర్చోని ఏడ్చిండేదాన్ని. మనకు మిగిలిన పొద్దులన్నీ ఆ బస్సులోనే కూర్చోబెట్టి పోగొడితివి గదయ్యా.