నడక వేగానికి మరిగిన వ్యాను

తొంభైల నడిమిలో మా రేపల్లె క్రైస్తవ సంఘానికి ఒక పాత డీజిలు వ్యాను ఉండేది. ఆదివారాలు పల్లెల నుంచి ముసలివాళ్లను గుడికి తీసుకురావడం, రోగులను తెనాలి ఆసుపత్రికి చేర్చడం, సంఘంలో ఎవరైనా కన్నుమూస్తే శవపెట్టెను సమాధుల తోటకు తీసుకువెళ్లడం దాని పనులు. బడిపంతులుగా పదవీ విరమణ చేసినవాణ్ణి, ప్రతి సంగతీ రాసిపెట్టే అలవాటున్నవాణ్ణి కాబట్టి దాని బాగోగులు నాకు అప్పగించారు.

ఆ వేసవిలో దాని ఫ్యాను క్లచ్ చెడిపోయింది. రేడియేటరు వెనుక తిరిగే ఫ్యాను నడుమన చిన్న డబ్బాలాంటిది ఉంటుంది. దాని లోపల చిక్కటి నూనె. ఇంజను వేడెక్కితే ఆ డబ్బా ఫ్యానును పట్టి గట్టిగా తిప్పుతుంది, చల్లబడితే పట్టు సడలిస్తుంది. మా వ్యానులో ఇంజను ఎంత వేడెక్కినా అది పట్టడం మానేసింది. నూనె కారి అంచున మడ్డి కట్టింది. వేడి ఇంజనును ఆపి వేలితో తోస్తే ఫ్యాను అడ్డూ ఆపూ లేకుండా తిరిగేది. తెనాలి మెకానిక్కు చూసి, "మార్చాల్సిందేనండి. రోడ్డు మీద ఎదురుగాలి తగులుద్ది కాబట్టి మీకు తెలీటం లేదు. మెల్లగా పోనిచ్చారా, మరుగుద్ది" అన్నాడు.

ఆ మాటను నేను కమిటీలో చదివి వినిపించాను. ఒకసారితో ఊరుకోలేదు. అయితే కమిటీ పెద్దలు ఆ వ్యాను ఎక్కేదల్లా బాపట్లలోనో తెనాలిలోనో సమావేశాలకు వెళ్లేటప్పుడు. ఆ దారుల్లో అది చక్కగా పరుగెత్తేది.

"మొన్న బాపట్ల వెళ్లొచ్చాంగా మాస్టారూ, ఏమైంది? మీరు ప్రతిదానికీ తప్పులు దిద్దే ఎర్ర పెన్ను తీస్తారు" అని అధ్యక్షుడు నవ్వేవాడు. తక్కినవాళ్లు ఆ నవ్వులో కలిసేవారు. కోతల పండుగ అయ్యాక చూద్దామనేవారు.

మెల్లగా నడవవలసిన పని ఆ వ్యానుకు ఒక్కటే. మాలో శవయాత్ర నడక వేగంతో సాగుతుంది. ముందు పాస్టరు గారు, ఆ వెనుక పెట్టె ఉన్న వ్యాను, దాని వెనుక కీర్తనలు పాడుతూ జనం. తొందరగా తీసుకుపోవడమంటే వదిలించుకోవడమే. కమిటీకి ఇది తెలియక కాదు. లెక్చరరు గారొకరు చనిపోయినప్పుడు, "మన బండి బజార్లో పొగలు కక్కితే పరువు పోతుంది" అని బాపట్ల నుంచి వేరే వ్యాను తెప్పించినవారు వీరే. కొన్ని వారాలకే, గుడి ఊడ్చి గంట కొట్టే ముసలమ్మ పోతే, మన వ్యాను చాలులెమ్మన్నవారూ వీరే. నేను అభ్యంతరం చెప్పాను. చెప్పి, తాళంచెవులు డ్రైవరు చేతికిచ్చాను.

ఆమె కొడుకు బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. పెట్టెను వ్యానులోకి ఎక్కించాక నా దగ్గరకు వచ్చాడు.

"మాస్టారూ, బజారు మీదుగా తీసుకెళ్దామండి. మా అమ్మ ఎప్పుడూ సందుల్లోంచే పోయేది. ఇవాళ నిదానంగా, అందరూ చూసేట్టు పోవాలండి."

"అలాగే నాయనా" అన్నాను.

బజారు సగమైనా దాటకముందే డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "వేడి ముల్లు ఎర్రగీత మీదకొచ్చిందండి."

బండిని నిలిపి, యాక్సిలరేటరు తొక్కి ఇంజనును గట్టిగా తిప్పమన్నాను. అలా చేస్తే ఫ్యాను కాస్తయినా ఊపందుకుంటుందని నా ఆశ. ఆ రొదలో కీర్తన మునిగిపోయింది. ఆడవాళ్లు గొంతులు పెంచారు. ఇంజను అంతకంటే పెద్దగా అరిచింది. పాస్టరు గారు వెనక్కి తిరిగి, పుస్తకం మూసి నిలబడ్డారు. వ్యాను ముందు మూత సందుల్లోంచి ఆవిరి లేచింది.

టీ కొట్టు దగ్గర నుంచి ఎవరో అన్నారు. "శవం పోతోందా, ఇడ్లీలు ఉడుకుతున్నాయా బాబాయ్?"

"ఊరుకోరా, పెద్దావిడ పోయింది" అని మందలించినాయన కూడా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"గేరేసి గబగబా లాగించేస్తే గాలికి చల్లబడుద్దండి. తోట దగ్గర ఆగి వీళ్ల కోసం చూద్దాం" అన్నాడు డ్రైవరు. యంత్రం సంగతి వరకు అతను చెప్పింది సరైనదే.

కొడుకు ఆ మాట విన్నాడు. "గబగబానా?" అని నా వైపు చూశాడు. "లెక్చరరు గారిని తీసుకెళ్లింది ఈ బండేనా మాస్టారూ?"

పక్కనున్న మిల్లు స్నేహితుడే బదులిచ్చాడు. "అది బాపట్ల బండిరా. ఆయనకి ఊరు దాటి తెచ్చారు. మనకి ఈ బండిని షెడ్డు దాటిస్తే చాలనుకున్నారు."

కొడుకు కోప్పడలేదు. ఇంజను ఆపమని చెయ్యి ఊపాడు. మిల్లువాళ్లు తువ్వాళ్లు మడిచి భుజాల మీద వేసుకుని వెనుక తలుపు తీశారు.

"నేనూ ఒక పక్క పడతాను" అన్నాను.

"వద్దులెండి. మీ వ్యాను మీరు చూసుకోండి. మా అమ్మని మేం తీసుకెళ్తాం."

పెట్టె భుజాలకెక్కింది. ఆగినచోటు నుంచి కీర్తన మళ్లీ మొదలైంది. టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఆ యాత్ర ఆమె కొడుకు కోరినట్టే, అందరూ చూసేట్టు, బజారు చివరిదాకా సాగింది. అందులో నేను లేను. నడిబజారులో వ్యాను పక్కన, వెనుక ఆగిపోయిన బస్సు హారను వింటూ నిలబడ్డాను. ఇన్నిసార్లు చెప్పినా కమిటీ వినలేదన్న నా కోపం ఆ బజారులో ఎవరికి చెప్పుకోను? చూసేవాళ్లకు వ్యాను నాది, ఆవిరీ నాదే.

ఇంజను చల్లారాక నీళ్లు పోసి కాలవ రోడ్డు మీదుగా తిప్పాం. వ్యాను ఏ లోపమూ ఎరగనట్టు పరుగెత్తింది. శవం కంటే ముందే తోటకు చేరి, గేటు దగ్గర ఖాళీ బండితో ఎదురుచూడవలసి వచ్చింది. యాత్ర వచ్చాక నేను వరుస చివర నిలబడి పిడికెడు మట్టి వేశాను.

అంతా అయ్యాక కొడుకు మళ్లీ నా దగ్గరకు వచ్చాడు. అతని చొక్కా భుజం చెమటకు తడిసి ఉంది.

"ముసలాళ్లని ఇళ్ల దగ్గర దింపండి మాస్టారూ. అమ్మని దింపేశాం కదా, ఇక గబగబా పోయినా పర్లేదు."

అతను వెటకారంగా అన్నాడని నేను చెప్పలేను. వాళ్లను ఎక్కించుకుని బయలుదేరాం. వెనుక సీటులో, నేరుగా తోటకే వచ్చిన ఒక అవ్వ కిటికీలోంచి వచ్చే గాలికి కొంగు సర్దుకుంటూ, "బండి ఎంత హాయిగా పోతోంది మాస్టారూ, మీరు బాగా చూసుకుంటారంట" అంది. డ్రైవరు నా వైపు చూడకుండా గేరు మార్చాడు.