సర్పంచమ్మ సంతకం

పోయిన మంగళవారం పొద్దున పెద్దముడియం వైపు నుంచి ఫోన్ వచ్చింది. మా సర్పంచమ్మ పోయిందట. వారం రోజుల జ్వరం, ప్రొద్దుటూరు ఆసుపత్రికి తెస్తుంటే దారిలోనే ప్రాణం పోయిందన్నారు. ‘మాజీ’ అనడానికి నాకు నోరు రావడం లేదు. ఆ ఊరి పంచాయతీకి నేను ఐదేళ్లు కార్యదర్శిని. ఆ ఐదేళ్లూ ఆమెను సర్పంచమ్మా అని పిలిచినవాణ్ని నేనొక్కణ్నే.

ఆ దఫా సీటు ఎస్సీ మహిళకు వచ్చింది. ఊరి పెద్దాయన తన శనగ చేలోకి కూలికి వచ్చే ఆమె చేత నామినేషన్ వేయించి, ఏకగ్రీవం చేయించాడు. దళిత మహిళకు పట్టం అని పేపర్లో ఫోటో కూడా పడింది. పట్టం ఆమెది, కుర్చీ పెద్దాయనది. ఆమె కొడవలి పక్కన పెట్టుకుని ఆఫీసు మెట్టు మీద కూర్చునేది. లోపలికి రామ్మా అంటే, “ఈడ గాలి తగుల్తాంది సారూ” అనేది. లోపల ఫ్యాను తిరుగుతూనే ఉండేది.

మాకొక పద్ధతి ఉండేది, చెప్పడానికి సిగ్గుగా ఉంది. తీర్మానాల పుస్తకంలో ఖాళీ పేజీ అడుగున ముందు ఆమె సంతకం, పైన నా రాత తర్వాత. పనికి పోయే మనిషిని మాటిమాటికీ పిలవడమెందుకని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ని. ఆమెకు వచ్చిన అక్షరాలు తన పేరులోవి నాలుగే.

ఆమె అడిగింది ఒకటే, వాళ్ల కాలనీకి కొళాయి. కాలనీ ఆడవాళ్లు పై వీధికి వచ్చి, అక్కడివాళ్లందరూ పట్టుకున్నాక పట్టుకోవాలి. పైపులైను మంజూరైన రోజు చేలో పని వదిలేసి పరుగున వచ్చి సంతకం పెట్టింది. ఆ సంతకం పైన నేను పెద్దాయన చెప్పింది రాశాను. పైపు ఆయన దొడ్డి దాకా పోయి ఆగింది.

కాలనీ ఆడవాళ్లు ఆమె ఇంటి ముందర ఖాళీ బిందెలు బోర్లించి పోయారు. ఆమె నా దగ్గరికి వచ్చి పుస్తకం తెరవమంది. చదివి వినిపించాను. తిట్టలేదు.

“నా చేత్తోనే నా వాళ్ల గొంతు ఎండబెట్టినా గదా సారూ.” పుస్తకం మూసి, “నాకు సదువు నేర్పించు” అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా అదే మెట్టు మీద, పలక పెట్టి నేర్పాను. ఏడాది తిరిగేసరికి ప్రతి పేజీ కూడబలుక్కుని పైకి చదివేది. పెద్దాయన కాలు ఊపుతూ, “ఏంది మే, పరీక్ష రాస్తాండావా?” అనేవాడు. “ఇంగ రెండు లైన్లేన్నా” అనేది తలెత్తకుండా. ఖాళీ పేజీ ఇస్తే పెన్ను మూత పెట్టి నా చేతికిచ్చేది. “రాయని దానికి నేనేం సాచ్చెం సారూ?”

ఆఖరి ఏడు కాలనీ కొళాయి తీర్మానం నాతో రాయించి, సభలో తానే నిలబడి చదివింది. సగానికి వచ్చేసరికి మెంబర్లు ఒక్కొక్కరే లేచి పోయారు. కోరం లేదు, తీర్మానం చెల్లదని రాయాల్సింది నేనే. రాశాను. ఆమె మాత్రం ఖాళీ బెంచీలకు చివరి దాకా చదివి, కింద సంతకం పెట్టింది.

తర్వాత రిజర్వేషన్ మారింది. ఆమె కొడవలి తీసుకుని అదే చేలోకి పోయింది. నేను బదిలీ పెట్టించుకుని ప్రొద్దుటూరు చేరాను. ఆడవాళ్లకు సగం సీట్లిచ్చామని ఎవరైనా గొప్పగా చెబితే నాకు ఆ మెట్టే గుర్తొస్తుంది.

మంగళవారం నేను పోయేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. స్నానం చేయించడానికి నీళ్లు లేవు. ఆడవాళ్లు పై వీధిలో బిందెలు వరసగా పెట్టి, అక్కడివాళ్లు పట్టుకోవడం అయ్యేదాకా నిలబడి ఉన్నారు. వరసలో ఒక స్టీలు బిందె మీద ఆమె పేరు చెక్కి ఉంది, ఆ నాలుగు అక్షరాలే. దాని వంతు ఇంకా రాలేదు.