ధర్నాలో లేని లాయరు గారు

ఆ రోజుల్లో అమలాపురంలో నల్లకోటు కొత్తగా తొడుక్కున్న ప్రతి కుర్రాడికీ తాను న్యాయదేవత దత్తపుత్రుడినన్న భ్రమ ఉండేది. నాకైతే మరీ ఎక్కువ. ఎందుకంటే నా సీనియరు గారు ఉత్త లాయరు కాదు, ప్రతిపక్ష నాయకుడు కూడాను. మీటింగులో లా పాయింట్లు లాగేవారు, కోర్టులో ఉపన్యాసం దంచేవారు. (రెండుచోట్లా ఓడిపోయేవారు, అది వేరే సంగతి.) అధికారంలో ఎవరున్నా ఆయన మాత్రం అవతలే ఉండేవారు. పార్టీ మారినా లాభం లేకపోయేది, ఆయన చేరిన పార్టీ ఆ వెంటనే ఓడిపోయేది.

ఆ ఏడు మురుగుకాలువ పూడిక తీయక చేలు మునిగాయి. సీనియరు గారు మైకు పట్టుకుని, "మొదటి ముద్దాయిని నేనే! ముందు నన్ను జైల్లో పెట్టండి, తరవాతే నా రైతుల జోలికి రండి!" అని గర్జించి, కొత్తపేట రోడ్డు మీద బైఠాయించారు. ఆయన పక్కనే రైతుల్లో ఒకడిగా మా మేనమామ కూర్చున్నాడు. పోలీసులు ఆ ఇద్దరి మీదా కేసు పెట్టారు. మావయ్యకప్పటికే కువైట్‌లో డ్రైవరు ఉద్యోగం ఖాయమై ఉంది. ఈ కేసు కొట్టేసి, పోలీసు సర్టిఫికెట్ వస్తే విమానమెక్కడమే తరువాయి. శిక్ష పడిందా, అంతే సంగతులు.

కేసు విచారణకొచ్చేసరికి గర్జన సన్నగిల్లింది. సీనియరు గారు నన్ను గదిలోకి పిలిచి, "ఆ రోజు నేను మండపేటలో గృహప్రవేశానికెళ్ళేనయ్యా. మీ మావయ్యని నాకేం తెలీదండీ అనమను. ఇద్దరం బయటపడతాం" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. కానీ కువైట్ గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. మావయ్యకి పూసగుచ్చినట్టు చెప్పాను. అన్నిటికీ బుద్ధిగా "ఆయ్" అన్నాడు. (మేనల్లుడికి అంత మర్యాదగా ఆయ్ అనడమేమిటని మీరనుకోవచ్చు. నాకు కాదు, నా నల్లకోటుకి.)

సాక్ష్యం చెప్పింది ఒక్క కానిస్టేబులే. అతని మాట నమ్మాలా వద్దా అన్నదే మిగిలింది. మేజిస్ట్రేటు గారు అడిగితే సీనియరు గారు గుండె మీద చెయ్యేసుకుని, "ఆ రోజు నేనా రోడ్డు మొహం కూడా చూడలేదు" అన్నారు. తరవాత మావయ్య వంతు. నా వైపు చూడనైనా చూడకుండా సీనియరు గారి వైపు తిరిగాడు.

"అదేంటండీ లాయరు గారూ, అలాగంటారు! ముందు కూర్చున్నది మీరే కదండీ! పంచె మాసిపోద్దని నా తువ్వాలు పరిచేను కదండీ! మరిచిపోయేరా అండీ?"

కోర్టు హాలంతా గొల్లుమంది. మావయ్య మాత్రం నవ్వలేదు. పెద్దాయనకి మతిమరుపు వచ్చిందేమోనని కంగారుపడుతున్నాడనుకున్నాను నేను.

ఇద్దరికీ కోర్టు లేచేవరకూ శిక్ష పడింది. అంటే సాయంత్రం దాకా ఆ హాల్లోనే బెంచీ మీద కూర్చోవడం. సీనియరు గారు ఫ్యాను కింద చోటు చూసుకుని కునుకు తీశారు. వారం తిరక్కుండా "ప్రజల కోసం శిక్ష అనుభవించిన త్యాగధనుడు" అని సెంటర్లో ఫ్లెక్సీలు లేచాయి. ఆ త్యాగానికి మెచ్చి పార్టీ ఏదో పదవి కూడా కట్టబెట్టింది. ఎంత సిగ్గులేని మనిషండీ! మావయ్య కువైట్ మాత్రం ఆ బెంచీ మీదే ఆగిపోయింది.

శిక్ష ముగిసిన ఆ సాయంత్రం బస్టాండులో మావయ్య మీద విరుచుకుపడ్డాను.

"తెలీదండీ అనమంటే ఆయ్ అన్నావు కదా మావయ్యా!"

"విన్నానని అన్నాన్రా అల్లుడూ. అలా చెప్తానన్నానా?"

"బంగారంలాంటి ఉద్యోగం పోయింది కదా!"

"పోతే పోయింది. ఆయనక్కడ లేడంటే, మరి నేనెవరి పక్కన కూర్చున్నట్టురా?"

ఏళ్ళ తరబడి లా చదివిన నాకు జవాబు తోచలేదు. రాజోలు బస్సు వస్తే ఎక్కించి పంపేశాను. ఇప్పుడు నేనూ సీనియర్నే, ఎవరేం అడిగినా తడుముకోను. కానీ ఆ బస్టాండులో కోటు చంకలో పెట్టుకుని, నోరు తెరుచుకుని నిలబడ్డ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడికి తోచని జవాబు నాకూ ఇంతవరకు తోచలేదు.